బొంబాయి పోయాడన్న అబద్ధం

గద్వాలలో మేం రెండు గదులు అద్దెకు తీసుకున్నామో లేదో, వీధి మాకు పేరు పెట్టేసింది: ఏడుపుల ఇల్లు. చావు జరిగిన ఇళ్ల పిల్లలు, పెద్దలు వచ్చి కూర్చుని, పోయినవాళ్ల గురించి మాట్లాడుకునే చోటు అది. అలాంటి చోటు నడపడం తప్ప నేను చేసిన పాపం లేదు. "పొద్దుగాల లేస్తే మీ మొకాలే చూడాల్నా?" అంటూ ఎదురింటాయన ధడాల్న తలుపు వేసుకునేవాడు. నేనూ తక్కువ తినలేదు. "చూడకు, ఎవరు బతిమాలిండ్రు?" అనేదాన్ని.

ఒకరోజు అయిజ వైపు పల్లె నుంచి ఒక తల్లి తన ఎనిమిదేళ్ల బిడ్డను తీసుకొచ్చింది. బడిలో కనబడ్డవాళ్లనల్లా కొడుతోందని టీచరమ్మ పంపిందట. వెంట వచ్చిన నాయనమ్మ లోపలికి రాలేదు. "చచ్చినోళ్ల ముచ్చట్లు వెట్టే ఇంట్ల నేను కాలు వెట్ట," అని గడప అవతలే కూలబడింది.

ఆ పిల్ల నాన్న బొంబాయికి కూలికి పోయి, కడుతున్న బిల్డింగు మీది నుంచి పడి చనిపోయాడు. శవం ఊరు చేరేలోపే పిల్లను కొల్లాపూర్‌లోని మేనత్త ఇంటికి పంపేశారు. తిరిగొచ్చాక, నాయిన ఇంకా బొంబాయిలోనే ఉన్నాడని నాయనమ్మ నమ్మించింది. మా పాలమూరులో ఈ అబద్ధానికి తిరుగులేదు. ఎందరో నాన్నలు నిజంగానే అక్కడ ఉంటారు మరి. పిల్లకు అనుమానం రాకూడదని కోడలి బొట్టు, గాజులు కూడా తీయించలేదు ముసలామె. మొగుడు పోయినా సోకులు తగ్గలేదని ఊరు పిల్ల చాటున ఆ తల్లిని కాల్చుకు తింది. తల్లి చెప్పేది వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

పిల్ల అప్పటికే లోపలి గదిలో బొమ్మలు గీస్తోంది. "ఎన్నాళ్లు దాస్తవమ్మా? నువ్వే చెప్పు," అన్నాను తల్లితో.

ముసలామె గడప అవతల నుంచే పళ్లు కొరికింది. "చెప్తే పిల్ల బతుకుతదా? దానికేమన్నయితే నా ఉసురు నీకు తగుల్తది!"

అంతలో పిల్ల కాగితం పట్టుకుని వచ్చింది. అందులో అమ్మ, అవ్వ, మేక ఉన్నాయి.

"నాయినేడి బిడ్డా?" అంది తల్లి.

"ఆయినెందుకు? పండుగకు రాలె, ఫోన్ చెయ్యలె. ఆడ ఇంకో పెండ్లాం ఉంటది ఆయినకు. ఆడనే సావనీ."

తల్లి ఆ పిల్ల నోరు మూసింది. "అనకు బిడ్డా. సచ్చిపోయిండే మీ నాయిన. పోయినేడే సచ్చిపోయిండు."

పిల్ల తల్లిని రెండు చేతులతో కొట్టింది. కొట్టీ కొట్టీ ఆగి, గుమ్మం వైపు తిరిగింది.

"అవ్వా, నేను దినాం తిట్టిన గదా. నాయినకు ఇనవడ్డదా?"

అప్పటిదాకా నన్ను శపించిన ముసలామె గడపను రెండు చేతులా పట్టుకుంది. దిక్కుతోచక నా ముఖంలోకి చూసింది. ఆమె మీద నాకు జాలి కలగలేదు. కానీ నేనూ ఆమెకెదురుగా, గడప ఇవతల కూలబడ్డాను.