బాపు కాలు ఏ దిక్కుకు పెట్టిండ్రు

నేను ఎట్ల చెప్తే అట్ల రాయకు బిడ్డా, జర పుస్తకంలో ఉన్నట్టు దిద్ది రాయి. కానీ నన్ను కన్న మా బాపు మాట, మా అవ్వ మాట దిద్దకు. వాళ్ళు ఎట్లన్నరో అట్లనే ఉండాలె.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆదిలాబాద్ జిల్లాలో, గోదారి ఒడ్డుకు కొంచెం ఎగువన మా కాలనీ. వరసగా కంపెనీ క్వార్టర్లు, మాకు ఒకటే గది. ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో, నాకు పదేళ్ళు ఉన్నప్పుడు, బాయిలో బొగ్గు నింపిన టబ్బు ఒకటి పట్టాల మీద వెనక్కి జారి మా బాపు ఎడమ కాలి మీదికి ఎక్కింది. దవాఖానలో మోకాలి కిందికి తీసేశారు.

తీసేసిన కాలును ఏం చెయ్యాలని దవాఖానవాళ్ళు అడిగారు. మా అవ్వ తమ్ముడు, అంటే మా మేనమామ, ఇచ్చోడ నుంచి చూడటానికి వచ్చి అక్కడే ఉన్నాడు. "పారెయ్యుండ్రి" అనబోయాడు. మా అవ్వ వాడి నోరు మూసింది.

"అది బాప్తిస్మం తీసుకున్న కాలురా! మూడేండ్ల కింద గోదాట్ల నిలువునా ముంచిండ్రు. కాలు మునగకుండ మనిషి మునిగిండా?"

బాయికి పేలుడు మందు వచ్చే కట్టెపెట్టెలు అప్పట్లో మా కాలనీలో ఇంటింటికీ ఉండేవి. అవే మాకు పీటలు, అవే బియ్యం పోసుకునే డబ్బాలు. అట్లాంటి పెట్టె ఒకటి ఖాళీ చేసి, బాపు పాత ధోతిలో కాలును చుట్టి, మామ నెత్తిన పెట్టుకుని మా సమాధుల తోటకు తీసుకుపోయాడు. మా ఏసు గుడి అయ్యగారు వచ్చి ప్రార్థన పుస్తకం ముందుకూ వెనక్కూ తిప్పారు.

"మనిషికి ఉన్నది గాని కాలుకు లేదమ్మా ఇండ్ల" అన్నారు. చివరికి కళ్ళు మూసుకుని సొంతంగా ఒక చిన్న ప్రార్థన చేశారు. మా అవ్వ మాత్రం నిండు మనిషికి ఏడ్చినంత ఏడ్చింది.

నెల తర్వాత బాపు ఇంటికొచ్చి మంచమెక్కాడు. ఎక్కినవాడు దిగలేదు. అయ్యగారు వచ్చి పక్కన కూర్చుని ఓదార్చారు. దేవుడు ఒక రోజు ఆకాశాన్నీ భూమినీ కొత్తగా చేస్తాడు, బూర ఊదగానే సమాధుల్లో ఉన్నవాళ్ళంతా లేస్తారు, అప్పుడు చావుండదు, ఏడుపుండదు, కుంటితనముండదు, దీపం కూడా అక్కరలేదు, ఎప్పటికీ ఆయనతోనే ఉంటాం అని చెప్పారు. బాపు ముఖం విచ్చుకుంది. ఒక్క పూట బాగానే ఉన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చి లేచి కూర్చున్నాడు.

మావాళ్ళను పాతిపెట్టేటప్పుడు తల పడమరకు, కాళ్ళు తూర్పుకు పెడతారు. లేచి నిలబడితే ముఖం తూర్పుకు ఉండాలి, ప్రభువు వచ్చేది అటునుంచే కదా అని.

"బామ్మర్దీ, నా కాలు ఎటు పెట్టినవ్‌రా?" అని అడిగాడు బాపు.

"ఎటు పెట్టుడేంది బావా? బొందల పెట్టిన."

"వేళ్ళు తూర్పుకున్నయా, పడమరకున్నయా?"

మామ నెత్తి గోక్కున్నాడు. "పెట్టెకు ఎర్ర అక్షరాలున్న కొస దిక్కు వేళ్ళు పెట్టిన, గది యాదికున్నది. ఆ అక్షరాలు ఎటున్నయో యాదికి లే."

"సత్యనాశనం! అది పడమరకుంటే ఏమైతది ఎరుకేనా? బూర ఊదంగనే నేను ఇటు లేస్త, అది అటు నడుస్తది. నేను ఒంటికాలు మీద దుంకుకుంట దాని ఎంబడి పడాలె, అందరు సూస్తుండంగ."

"భూమినే కొత్తగ జేసే దేవునికి నీ కాలు తిప్పుడు చాతగాదా?" అంది అవ్వ.

"లోకమంత లేసే దినమే అది! ఆయనకు ఎన్ని పనులుంటయి? నా ఒక్క కాలు కాడ కూసుంటడా?"

అప్పటినుంచి లేని బొటనవేలు దురద పెడుతోందనేవాడు. అది అడ్డంగా పడుకుని ఉంది కాబట్టే దురద అని ఆయన నమ్మకం.

నవ్వకు, రాయి. మాకప్పుడు నవ్వు రాలే.

ఎందుకంటే కంపెనీ బాపుకు దీపాల గదిలో పని ఇస్తానంది. బాయిలోకి దిగేవాళ్ళకు నెత్తి దీపాలు ఇచ్చే గది అది, కూర్చుని చేసే పని. కానీ పదిహేను రోజుల్లో తన కాలి మీద తాను నడిచి వచ్చి చేరాలి. చేరకపోతే పనీ పోతుంది, క్వార్టరూ ఖాళీ చెయ్యాలి. మా పక్కింటి సాయిబు చాచా, బాయి పైకప్పుకు ఆనించే దుంగలు కోసే వడ్రంగి. ఒక దుంగ ముక్కను చెక్కి, తోలు పట్టీలు కొట్టి, కట్టెకాలు చేసి తెచ్చాడు. బాపు దాన్ని ముట్టుకోలేదు.

"నా కాలు సక్కగ పండేదాక నేను లేవ" అన్నాడు.

అయ్యగారు మళ్ళీ వచ్చి నచ్చజెప్పబోతే ఆయన్నే పట్టుకున్నాడు. "కొత్త లోకంల దీపమే అక్కరలేదంటిరి. మరి నేనిప్పుడు దీపాలు తుడుసుడు నేర్సుకోవాల్నా అయ్యగారూ?"

"అది వచ్చేదాక బాయిల చీకటే గదనయ్యా" అన్నారు అయ్యగారు.

అయినా బాపు లేవలేదు. పదకొండు రోజులు పోయాయి. పన్నెండో రోజు ఆదివారం. గుడి అయిపోగానే అవ్వ కొంగు నడుముకు దోపి, "తవ్వి చూద్దాం పా. గీ పరేషాన్ నాతోని కాదు" అంది.

కానీ నడవని మనిషిని తీసుకుపోవడమెట్లా? మంచంతో సహా ఎత్తారు. ఒక మూల మామ, ఒక మూల చాచా, మిగతా రెండు మూలలు గుడిలోని ఇద్దరు. ముందు ప్రార్థన పుస్తకంతో అయ్యగారు. ఆ రోజు దారిలో వారం అంగడి. నలుగురు మోసే మంచం, దాని మీద దుప్పటి కప్పుకున్న మనిషి, పోయేది సమాధుల దిక్కు. అంగడిలో మగవాళ్ళు నెత్తి రుమాళ్ళు తీశారు. కొందరు మర్యాద కోసం వెంట నడిచారు. వంకాయలమ్మే ఆమె అవ్వ చెయ్యి పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది.

"ఎప్పుడు పోయిండే అక్కా?"

"కాలు రెండు నెలల కిందనే పోయింది. మనిషి ఇంక ఉన్నడు" అంది అవ్వ.

బాపు దుప్పటి తీసి, "నేను పోలే! నా కాలు కాడికి పోతున్న!" అని అరిచాడు. ఆమె కేక వేసి తక్కెడ పడేసింది.

తోటలో మంచం దించి బొంద తవ్వారు. పెట్టె కనబడింది. మామ దిగి మన్ను తుడిచి, తూర్పు కొసన ఎర్ర అక్షరాలు చూసి, "సక్కగనే ఉన్నది బావా!" అని గంతేశాడు. ఇంతలో ఇంకొకాయన రెండో కొస తుడిచాడు. అక్కడా ఎర్ర అక్షరాలే. ఆ పెట్టెలకు రెండు కొసలా రాసి ఉంటుందని, ఇంట్లో రోజూ వాటి మీద కూర్చునే మాకెవరికీ తట్టలేదు.

"మూత తీయుండ్రి" అన్నారెవరో. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. ఆ మాటన్న ఆయన మూడడుగులు వేశాడు.

"మావోళ్ళకు మొఖం పడమర దిక్కు తిప్పి పెడ్తం భాయ్" అన్నాడు చాచా. "ఎటున్నా ఒకళ్ళ లెక్కల సరిగనే ఉన్నది. ఫికర్ జెయ్యకు."

"నన్ను సూడనియ్యుండ్రి" అన్నాడు బాపు. కానీ మంచం మీద కూర్చుంటే మన్ను కుప్ప అడ్డం.

"నిలబడితే కనబడ్తది" అంది అవ్వ.

చాచా మంచం కింద నులకకు కట్టిన కట్టెకాలు విప్పి తీశాడు. అది తెచ్చాడని మాలో ఎవరికీ తెలియదు. కింద కూర్చుని పట్టీలు బిగించాడు. బాపు అంతమంది ముందు అవ్వ భుజం పట్టుకుని లేచాడు. అట్లా ఎప్పుడూ పట్టుకున్నవాడు కాదు. లేచి, ఊగుతూ, బొందలోకి చాలాసేపు చూశాడు.

"గింతేనా?" అన్నాడు. "నా కాలు గింత చిన్నదా?"

తర్వాత ముక్కు చీదుకుని, "ముయ్యుండ్రి" అన్నాడు. "నేను సచ్చినంక నన్ను దీని పక్కపొంటి తూర్పుకు పండవెట్టుండ్రి. నన్ను జూసి అదే తిరుగుతది. పుట్టినకాన్నుంచి నేనెటు పోతే అటే వచ్చింది గదా."

అయ్యగారు ఆమెన్ అన్నారు. తిరిగి పోయేటప్పుడు బాపు మంచమెక్కనన్నాడు. ఆయన ముందు టక్కు టక్కుమని, మేము వెనక ఖాళీ మంచం మోసుకుంటూ. అంగడిలో వంకాయల ఆమె అప్పుడే తక్కెడ సర్దుకుని కూర్చుంది. మంచం ఖాళీగా రావడం చూసింది, ముందు నడిచే మనిషిని చూసింది. ఈసారి వంకాయలు కూడా వదిలేసి పరుగెత్తింది. ఆ తర్వాతి ఆదివారం మా గుడి గుమ్మం దగ్గర నిలబడి, "గిట్ల లేసేది ఈడనేనా?" అని అడిగిందట.

బాపు పదేళ్ళు దీపాల గదిలో పనిచేశాడు. దగ్గు ముదిరి పోయాడు. చెప్పినట్టే ఆ పెట్టె పక్కన తూర్పుకు పడుకోబెట్టాం. మామ కట్టెకాలు కూడా లోపల పెట్టబోతే అవ్వ లాక్కుంది.

"ఒద్దురా. రేపు మూడు కాళ్ళతోని లేస్తే ఎవరు జవాబు చెప్పాలె?"

అగో, గాలికి తలుపు కొట్టుకోకుండ ఆనిచ్చి పెట్టింది ఆ కట్టెకాలే. పారెయ్యమని మీ అమ్మ ఊకె అంటది. ఉండనియ్యి బిడ్డా. బాపుకు దాంతోని ఇగ పనిలే, తలుపుకున్నది.