రెండో కార్డు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటిజం ఉన్న పెద్దవాళ్లకు నలుగురితో మాట్లాడటం నేర్పడం నా ఉద్యోగం. మూడు వారాలుగా స్రవంతికి పలకరింపు నేర్పుతున్నాను. ఆమెకు ఇరవై ఆరేళ్లు. మొదటి కార్డు మీద "తిన్నారా?" అని, రెండో కార్డు మీద "ఏం తిన్నారు?" అని రాసిచ్చాను. జవాబు వచ్చేదాకా ఆగాలని నేర్పింది కూడా నేనే.

ఈ రోజు మధ్యాహ్నం స్రవంతి మొదటిసారి తనంతట తనే కార్డు తీసి నన్ను అడిగింది.

"తిన్నారా?"

"ఆ, తిన్నానమ్మా" అన్నాను, అందరికీ చెప్పినట్టే.

"ఏం తిన్నారు?"

పొద్దుట్నుంచి టీ తప్ప ఏమీ తీసుకోలేదు. స్రవంతి కార్డు పట్టుకుని అలాగే ఆగింది. పక్కనే కూర్చున్న వాళ్లమ్మ నవ్వింది.

"చెప్పేదాంక ఇడ్వదు మేడం. మీరే నేర్పిన్రు గద."

"తినలేదు" అన్నాను చివరికి.

ఆ జవాబుకు నేను కార్డు రాయలేదు. ఎవరూ అలా చెప్పరు కదా! స్రవంతి కార్డులన్నీ వెతికి, "మళ్లీ చెప్పండి" అని ఉన్న కార్డు నా ముందు పెట్టింది. మళ్లీ చెప్పాను. రెండోసారి "పొద్దుట్నుంచి" అని కూడా కలిపాను.

సైదాబాద్‌లో ఒక్కదాన్నే ఉంటాను. వాచ్‌మన్ నుంచి ఇంటి ఓనర్ ఆంటీ దాకా మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు, నడుస్తూనే. రెండోది అడిగి ఆగినవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు.

ఇప్పుడు బెండకాయ వేపుడు చేస్తున్నాను, రేపు స్రవంతికి చెప్పాలిగా. ఇది చదివిన మీరేం తిన్నారు? కామెంట్లో "తిన్నాం" అని రాసి తప్పించుకోకండి. జవాబు వచ్చేదాకా నేనూ ఆగుతాను.