గురువారం నా వంతు

"అడిగినదానికి జవాబు చెప్పండి అత్తయ్యా. ఆ టీచరు కడుపుతో ఉందని క్లాసు గ్రూపంతా వినేలా చెప్పమని మీకెవరు చెప్పారు?"

"క్లాసులో ఏం చూశానో చెప్పమన్నారు. చూశాను, చెప్పాను."

"పాఠం చూడమన్నారు. పొట్ట చూడమన్లేదు!"

"పాఠం, పొట్ట రెండూ బోర్డు ముందే నిలబడి ఉంటే ఒకటి చూసి రెండోది చూడకుండా ఎలా ఉంటానమ్మాయ్?"

"రేపు ఆవిడ ఉద్యోగం ఊడితే అప్పుడు తెలుస్తుంది మీకు."

"కడుపుతో ఉంటే ఉద్యోగం ఎందుకు ఊడుతుంది? నీకు ఊడిందా?"

"నాది బ్యాంకు అత్తయ్యా. ఆవిడది ప్రైవేటు స్కూలు. అక్కడ ఊడుతుంది."

మా కోడలు నాతో గొంతు పెంచి మాట్లాడటం అదే మొదలు. మా అబ్బాయి ఆ మాటలేవీ చెవిన పడనట్టు సోఫా కింద రిమోటు వెతుకుతున్నాడు. (రిమోటు వాడి చేతిలోనే ఉంది.) రెండో తరగతి చదివే మనవరాలు మాత్రం చెవులు రిక్కించుకుని, కథ వింటున్నట్టు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

ఆ రోజుల్లో, అంటే నా చిన్నతనంలో, బళ్ళో ఏం జరుగుతోందో ఇంట్లోవాళ్ళకు చెప్పే ఏర్పాటేదీ ఉండేది కాదు. ఉయ్యూరు దగ్గర మా ఊళ్ళో నేను మూడో తరగతి దాకా చదివాను. అన్నాళ్ళలోనూ మా నాన్న బడికి వచ్చింది ఒక్కసారే, నన్ను మాన్పించడానికి. తమ్ముడు పుట్టాడు, ఉయ్యాల ఊపడానికి మనిషి కావాలి. "పిల్ల బాగా చదువుతోందండీ" అన్నారు మేష్టారు. "అలాగాండీ? మాకు తెలీదే" అన్నాడు మా నాన్న. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే తెలీదు. తెలిస్తే మాన్పించేవాడు కాదని నేననను. కానీ తెలీదు. నేను ఇంటికొచ్చి ఉయ్యాల ఊపాను. అలా సగంలో ఆగిన చదువులో మరొక్క పూట నాకు అరవై దాటాక, పటమటలో మా మనవరాలి రెండో తరగతి గదిలో దొరికింది. ఇప్పుడా పిల్ల నా భుజం దాటి ఎదిగింది కాబట్టి, ఆ పూటను కూడా నా చిన్ననాటి ముచ్చటగానే లెక్కవేసుకుని మీకు చెబుతున్నాను.

ఆ క్లాసుకు కొత్తగా వచ్చిన టీచరు ఒక పద్ధతి పెట్టింది. అంతకుముందు రోజూ ఫోటోలు తీసి గ్రూపులో పెట్టేదట. మా పిల్లాణ్ణి చివర నిలబెట్టారని ఒకరు, మా పిల్ల కళ్ళు మూసుకున్న ఫోటో ఎందుకు పెట్టారని ఒకరు తగువుకు వస్తూంటే, ఆ అమ్మాయి విసిగిపోయి ఫోటోలు మానేసింది. వాటి బదులు ప్రతి గురువారం ఒక ఇంటి పెద్ద వచ్చి మధ్యాహ్నం దాకా వెనక బెంచీలో కూర్చోవాలి. సాయంత్రం తాము చూసింది మిగతా తల్లిదండ్రులకు గ్రూపులో చెప్పాలి. మంచి పద్ధతే. కానీ అంతవరకూ వెళ్ళినవాళ్ళు "వెరీ నైస్" అని రాసి రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నారు. పూటంతా కూర్చుని వచ్చి అంతేనా చెప్పేది? మా వంతు వచ్చేసరికి మా అబ్బాయికి దుకాణంలో సరుకు దిగే రోజయింది, కోడలికి సెలవు లేదు. "అమ్మను పంపుదాం, ఊరికే కూర్చుని రావడమేగా" అన్నాడు మా అబ్బాయి. నన్ను ఎక్కడికైనా పంపి ఊరికే కూర్చుని రమ్మనడం ఎంత పొరపాటో వాడికి అప్పటికి తెలీదు.

పిల్లల బెంచీలో కూర్చుంటే నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. మా మనవరాలు నన్ను ఎన్నడూ చూడనట్టే ముందుకు తిరిగి కూర్చుంది. పక్కబెంచీ పిల్లాడు గూనిగా కూర్చుంటే "నిటారుగా కూర్చోరా" అన్నాను. టీచరు నా దగ్గరకొచ్చి, "మామ్మగారూ, మీరు చూడాలండీ, మాట్లాడకూడదు" అంది మెల్లిగా. సరే, చూశాను. గోరు కొరికేవాళ్ళని, లెక్క రాకపోయినా చెయ్యెత్తేవాళ్ళని చూశాను. మా వీధిలో పరుపులు కుట్టే భాయ్ కొడుకు మొదటి పీరియడంతా చప్పుడు లేకుండా ఏడ్చి, చొక్కా చేతికి మొహం తుడుచుకోవడం చూశాను. భోజనం వేళ ఒక సన్నటి పిల్లాడు డబ్బా తెరిస్తే అందులో చిప్స్ తప్ప ఇంకేమీ లేకపోవడం చూశాను. అన్నిటికంటే ఎక్కువ టీచర్నే చూశాను. ఆ అమ్మాయి పొద్దున్నుంచి ఒక్క క్షణం కూర్చోలేదు. కిటికీ చువ్వ పట్టుకుని కాసేపు, బల్లకు నడుము ఆనించి కాసేపు, అలా లాక్కొస్తోంది. చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోయి ఉన్నాయి. చుట్టూ చూస్తే గదిలో కుర్చీ అన్నదే లేదు.

"కుర్చీ ఏదమ్మా?" అని ఇంటర్వెల్‌లో అడిగాను.

"ఉండదండీ. కుర్చీ ఉంటే టీచర్లు కూర్చుంటారని తీసేశారు" అంది నవ్వుతూ.

ఆ మాట నాకు బుర్రకెక్కడానికి కొంతసేపు పట్టింది. కుర్చీ ఉన్నది ఇంకెందుకట?

నేను ముగ్గుర్ని కన్నాను, చాలామంది పురుళ్ళు చూశాను. ఆ అమ్మాయి వంగి సుద్దముక్క తీసుకుని లేచిన తీరు చూస్తే ఐదో నెల నడుస్తోందని నాకు డాక్టరు చెప్పక్కర్లేదు. మా వైపు మొదటి మూడు నెలలూ ఎవరికీ చెప్పరు. కనబడ్డాక మాత్రం నలుగురూ తెలుసుకోవడమే మర్యాద. ఒకరు చలిమిడి తెస్తారు, ఒకరు చేతిలో బిందె అందుకుంటారు, ఒకరు కుర్చీ లాగుతారు. ఐదో నెలలో కూడా దాచుకుని తిరగాల్సిన చోట్లు ఉంటాయని నాకెలా తెలుస్తుంది?

సాయంత్రం గ్రూపులోకి నా మాట రికార్డు చేసి పంపడానికి ఫోను నొక్కి పట్టుకోవడం మనవరాలు నేర్పించింది. నాకు ఫోనంటే "బాగున్నారా, బాగున్నాం, ఉంటాను" అంతే. మాట్లాడినకొద్దీ పైసలు ఖర్చవుతూంటాయన్న భయంతో పెళ్ళి కబురైనా నిలబడే చెప్పేదాన్ని. "ఇందులో ఎంతసేపు మాట్లాడినా ఖర్చు లేదు మామ్మా" అంది పిల్ల. నా జన్మలో మొదటిసారి, కూర్చుని, మంచినీళ్ళు పక్కన పెట్టుకుని మాట్లాడాను.

"అందరికీ నమస్కారమండీ. నేను ఫలానా పిల్ల నాన్నమ్మని. పాఠం బాగా చెబుతున్నారు. పిల్లలు ముప్పాతికమంది వింటున్నారు, మా పిల్ల ఆ ముప్పాతికలో లేదు. పరుపుల భాయ్ గారూ, మీ అబ్బాయి పొద్దున ఏడ్చాడండీ, ఎందుకో కనుక్కోండి. సన్నటి బాబు తల్లిగారూ, మీ వాడి డబ్బాలో చిప్స్ తప్ప మెతుకు లేదమ్మా. ఇంకోటండీ. టీచరు గారికి ఐదో నెల. పాదాలు వాచాయి. ఆ గదిలో ఆవిడ కూర్చోవడానికి కుర్చీ లేదు. ఉంటే కూర్చుంటారని తీసేశారట. ఉంటానండీ."

కోడలు బ్యాంకు నుంచి వచ్చి అది విన్నాక రేగిన తగువే మీరు మొదట విన్నది. తగువు మధ్యలోనే గ్రూపు మోగడం మొదలెట్టింది. పరుపుల భాయ్, "మామ్మగారూ, వాళ్ళమ్మ పుట్టింటికెళ్ళిందమ్మా, వాడు ఏడుస్తున్నట్టు నాకు తెలవదు. రేపు నేనే దిగబెడతా" అన్నాడు. సన్నటి బాబు తల్లి మాత్రం, "మా వాడి డబ్బాతో ఆవిడకేం పని? రేపు స్కూల్లోనే అడుగుతాను" అంది. ఇద్దరు తండ్రులు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత టీచరే ఫోన్ చేసింది.

"మామ్మగారూ, మీ తప్పు కాదండీ, నేనే పిలిచాను మిమ్మల్ని. ఎండాకాలం సెలవుల దాకా ఎలాగో లాగేద్దామనుకున్నానండీ. పోయినేడాది ఒకటో తరగతి టీచరుకి విషయం తెలియగానే రావద్దన్నారు. మా ఆయనకి ఇప్పుడు పనిలేదు. పెద్ద మేడమ్ రేపు పొద్దున కలవమన్నారు."

ఆ అమ్మాయి ఏడిస్తే నాలుగు మాటలు చెప్పి ఓదార్చేదాన్ని. ఏడవలేదు. "అన్నం తిన్నావా?" అన్నాను. "తింటానండీ" అంది. కోడలు ఫోను తీసుకుని బల్లమీద పెట్టింది. మరింక తగువాడలేదు. అదే కష్టంగా అనిపించింది.

మర్నాడు పొద్దున నేను స్కూలుకు బయల్దేరితే కోడలు బ్యాంకులో గంట పర్మిషన్ పెట్టి, నా వెనకే వచ్చింది. టీచరు ఎప్పటిలాగే గేటు దగ్గర నిలబడి పిల్లల్ని ఆటోల్లోంచి దింపుతోంది. పెద్ద మేడమ్ గది ముందు చీరల షాపు యూనిఫాం చీరలో ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"ఆ మామ్మగారు మీరేనా?"

"నేనే."

"నేను చీకటితోనే లేచి ఇంటి పని చేసుకుని, గవర్నర్‌పేటలో షాపు కట్టేసేదాకా నిలబడే ఉంటానండీ. ఒక్కోరోజు వండలేక చిప్స్ పెడతాను. దాన్ని ఊరంతా చాటాలా మీరు?"

నేను ఆ డబ్బానే చూశాను, దాని వెనక మనిషిని చూడలేదు. ఆ మాటే చెప్పాను. క్షమాపణ అనేది నాకు అంతకంటే రాదు.

అప్పుడే పెద్ద మేడమ్ బయటికొచ్చి మా ఇద్దర్నీ చూసి, "చూశారా, ఈ గురువారం పద్ధతి వల్ల ఎంత గొడవో! ఆ టీచరు మాకు సొంత విషయం కూడా చెప్పకుండా దాచింది. ఆవిడ సంగతి ఇవాళే తేల్చేస్తాను" అంది.

చీరల షాపు అమ్మాయి నా మీదినుంచి చూపు తిప్పింది. "ఏం తేలుస్తారు మేడమ్? నిలబడి నిలబడే నాకు మా వాడు ఏడో నెలలో పుట్టాడు. ఇప్పటికీ ఒళ్ళు చెయ్యలేదు. డబ్బా సంగతి నేనూ మామ్మగారూ బయట తేల్చుకుంటాం. ముందు ఆవిడకి కుర్చీ వేయించండి."

కొడుకు చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డ పరుపుల భాయ్, "కుర్చీ మీరు వేయించండి మేడమ్, దాని మీదికి మెత్త నేను కుట్టిస్తా" అన్నాడు.

"ఇది స్కూలు విషయమండీ. సిబ్బందిని ఉంచాలా తీసెయ్యాలా అన్నది మేనేజ్‌మెంట్ ఇష్టం" అంది మేడమ్.

మా కోడలు ముందుకొచ్చింది. కౌంటరు ముందు మొండికేసిన ఖాతాదారుతో మాట్లాడే గొంతుతో, "ఆ మాట కాగితం మీద రాసిస్తారా మేడమ్?" అంది.

"ఏ మాటండీ?"

"కడుపుతో ఉంది కనక తీసేస్తున్నామని. సంతకం పెట్టి, స్కూలు స్టాంపు వేసి ఇవ్వండి. గ్రూపులో అందరికీ నేను పంపిస్తాను."

మేడమ్ గొంతు మార్చింది. "తీసేస్తామని ఎవరన్నారు ఇప్పుడు? సెలవుల దాకా ఉంటుంది. తర్వాత సంగతి తర్వాత చూద్దాం. గురువారాలు మాత్రం ఇక ఉండవు" అని, వాచ్‌మన్ని పిలిచి ఆఫీసు గదిలోంచి ఒక కుర్చీ రెండో తరగతికి వెయ్యమంది. కోడలు టైము చూసుకుని బ్యాంకుకు పరిగెత్తింది. నేను వరండా కిటికీ దగ్గర కాసేపు ఆగాను. టీచరు హాజరు నిలబడే తీసుకుంది. తర్వాత పుస్తకం మూసి, కుర్చీ వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూసి, కూర్చుంది. పిల్లలు ఘొల్లున నవ్వారు. టీచరు కూర్చోవడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు. ఆ అమ్మాయి కూడా నవ్వేసింది. కిటికీ బయట నిలబడ్డ మామ్మ కూడా నవ్వి, ఒక్క సలహా ఇవ్వకుండా వెళ్ళిపోయిందని మా మనవరాలు ఇంటికొచ్చి వాళ్ళమ్మకు చెప్పింది. వాళ్ళమ్మ నమ్మలేదు.