మిరప కళ్ళంలో సూడాన్ విద్యార్థి కూలి

1963 ఏప్రిల్‌లో నన్ను గుంటూరు జిల్లా పోలీసు కార్యాలయంలో విదేశీయుల నమోదు విభాగానికి సబ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. లాఠీ పట్టే పని కాదు. జిల్లాలో ఉండే విదేశీయుల పేర్లు నమోదు చేయడం, వాళ్ళు మకాం మారిస్తే రాసుకోవడం, అనుమతి గడువు దాటకుండా చూడటం, ఇంతే. తోటి ఎస్సైలు నన్ను "దొరల గుమస్తా" అని ఆటపట్టించేవారు. నిజానికి మా జిల్లాలో దొరలెవరూ లేరు. ఉన్న కొద్దిమందిలో ఇద్దరు ముగ్గురు చదువుకోవడానికి వచ్చినవాళ్ళు.

చదువుకునేవాళ్ళకు ఒక షరతు గట్టిగా ఉండేది. ప్రభుత్వ అనుమతి లేకుండా వాళ్ళు జీతానికి గాని కూలికి గాని పని చేయకూడదు. కూలి అంటే డబ్బే కానక్కర్లేదు. పనికి బదులుగా ధాన్యం పుచ్చుకున్నా కూలి కిందే లెక్క. ఆ షరతు తప్పితే మేము పైకి నివేదిక పంపాలి. చదువు మధ్యలో ఆపించి స్వదేశానికి పంపించే అధికారం ప్రభుత్వానిది.

ఆ నెలలోనే ఇద్రీస్ అనే సూడాన్ యువకుడు మా ఆఫీసుకు వచ్చాడు. వ్యవసాయ విద్యార్థి. ఆరడుగుల పైమాటే గాని మాట మెత్తన. వేసవికి హాస్టల్ మూసేశారని, చిలకలూరిపేట దగ్గర ఒక పల్లెలో మస్తాన్ అనే మిరప రైతు ఇంట్లో ఉంటున్నానని, మకాం మార్పు రాసుకోమని చెప్పాడు. శుక్రవారం నమాజులో పరిచయమట. అక్కడ ఏం చేస్తున్నావని మాటవరసకు అడిగాను. కళ్ళంలో పని చేస్తున్నానన్నాడు. షరతు డబ్బు జీతానికేనని అనుకున్నాడేమో, దాచుకోవాలని కూడా అతనికి తోచలేదు. మా డీఎస్పీ గారు ఆ మాట విని, కూలి తీసుకుంటున్నాడేమో వెళ్ళి చూసి రమ్మన్నారు.

పేటలో బస్సు దిగి, పత్తి లారీల మధ్య నుంచి నడిచి, ఆ ఊరి బండి ఒకటి పట్టుకున్నాను. మాది కోనసీమ. పచ్చదనానికి అలవాటుపడ్డ కళ్ళు. ఊరి బయట కళ్ళాలు కనబడగానే బండి ఆపమన్నాను. నేల కనబడటం లేదు. చూపు ఆనినంత మేర ఎండుమిరపకాయలే. లోకంలో ఇంత ఎరుపు ఒక్కచోట ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు. వచ్చిన పని మరిచి అలాగే నిలబడిపోయాను. ఘాటు గొంతుకు తగిలి దగ్గు వచ్చాక గాని కదల్లేదు.

మస్తాన్ కళ్ళంలో ఆ రోజు ఆఖరి కోత కాయలు కుప్ప పోశారు. తాలు కాయలు ఏరిన ఆడవాళ్ళు, కుప్ప ఎత్తిన మగవాళ్ళు వరసగా నిలబడ్డారు. ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. బస్తాలకు ఎత్తకముందే, కళ్ళంలో చెయ్యి పెట్టిన ప్రతి మనిషికీ కుప్పలోంచి కూలి కొలిచి ఇవ్వాలి. దారినపోతూ కాసేపు సాయం పట్టిన మనిషైనా వట్టి చేతులతో కళ్ళం దాటకూడదు. కొలిచేది మస్తాన్ తల్లి ఖాసింబీ. నేను వెళ్ళేసరికి అందరి గంపలతో పాటు ఇద్రీస్ గంప కూడా నిండి ఉంది.

నేనెవరో చెప్పి, అది కూలేనా అని ఇద్రీస్‌ను అడిగాను. అవునన్నాడు. ఆ కుర్రాడి చదువు పాడుచేయడం నాకు ఇష్టం లేదు. ఖాసింబీ వైపు తిరిగి, చుట్టంగా వచ్చాడని ప్రేమ కొద్దీ పెట్టారు, అంతే కదమ్మా అన్నాను. ఆమె ఔనంటే నా విచారణ అక్కడితో సరి.

ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. "చుట్టానికి అన్నం పెడతామయ్యా, మిరపకాయలు కొలుస్తామా? పొద్దస్తమానం ఎండలో ఒళ్ళొంచి చేశాడు ఈ పిల్లోడు. ఊరికే పెట్టామంటే ఆడి కష్టం ఏమైపోయినట్టు? అది కూలే. రాసుకో!" అంది.

వరసలో వాళ్ళంతా ఔనౌనని తలలూపారు. ఆమె మర్యాదే అతన్ని ముంచేస్తోంది. అప్పుడు షరతంతా తెలుగులో విడమరిచి చెప్పాను. కూలి పుచ్చుకున్నాడని తేలితే చదువు ఆగిపోతుందని, ఓడ ఎక్కించి ఇంటికి పంపేస్తారని చెప్పాను. మస్తాన్ ముఖం పాలిపోయింది. ఇద్రీస్‌కు తెలుగు కొంత పట్టుబడింది. తన గంప తీసుకెళ్ళి కుప్ప మీద బోర్లించాడు.

నా మట్టుకు పని అయిపోయింది. తెలియక పుచ్చుకున్నాడు, తెలిసిన వెంటనే తిరిగి ఇచ్చేశాడు అని నిజమే రాయవచ్చు. అతను తలవంచుకుని కళ్ళం దాటబోతుంటే, వరసలో ముందున్న వెంకాయమ్మ అనే కూలి మనిషి "ఆగరా అబ్బాయ్!" అని కేకేసింది. తన గంప కూడా కుప్ప మీద పోసింది. "నువ్వొక్కడివే ఉత్త చేతుల్తో పోతావా? ఇయ్యాల మేం కూడా తీసుకోం" అంది.

ఆమె వెనక ఇంకొకామె పోసింది. తరవాత మగవాళ్ళు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. గంపెడు కాయలంటే ఆ ఇళ్ళల్లో చిన్న సంగతి కాదు. ఇంటికి కారం అదే, సంతలో అమ్ముకుంటే బియ్యం అదే. కుప్ప పెరుగుతూ ఉంటే ఖాసింబీ కొలిచే మానిక పక్కన పెట్టేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎంతో మంది పెద్దవాళ్ళకు సెల్యూట్ కొట్టాను గాని, ఎవరి ముందూ అంత చిన్నవాణ్ణి కాలేదు.

నా నివేదికను పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఇద్రీస్‌ను ఒకసారి పిలిచి హెచ్చరించి వదిలేశారు. అతను చదువు పూర్తి చేసుకునే వెళ్ళాడు. ఆ కూలి కాయలు తాము వాళ్ళ వాళ్ళ ఇళ్ళకు పంపినా ఒక్కరూ పుచ్చుకోలేదని కొన్నాళ్ళకు పేటలో కనబడి మస్తాన్ చెప్పాడు.

షరతును కాగితం మీద ఉన్నట్టు వినిపిస్తే చాలదని, ఆ ప్రాంతంలో కూలి ఎలా ఇస్తారో కూడా చెప్పాలని ఆ ఉదంతం నాకు నేర్పింది. తరవాత నమోదుకు వచ్చిన ప్రతి విద్యార్థికీ అలాగే చెప్పాను. ఆ నెల జీతంతో పాటు పేటకు వెళ్ళివచ్చిన ప్రయాణ భత్యం కూడా నాకు అందింది. ఆ రోజు ఆ కళ్ళంలో పని చేసి కూలి పుచ్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.