మా పిన్ని ఆడించిన సినిమాలు

మా పిన్ని మొదటిసారి ఆ హాల్లో అడుగుపెట్టింది సినిమా చూడ్డానికి కాదు, చిరిగిన కర్టెన్ కుట్టడానికి.

ఊరి శివార్లలో మా కాలనీ పక్కన మల్టీప్లెక్స్ కట్టిన కొత్తల్లో మాట. కింద సూపర్ మార్కెట్, పైన హాళ్లు, వెనకాల బస్సు డిపో. మార్కెట్ వీధిలోని టైలరింగ్ షాపులో పిన్ని పనిచేసేది. పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. అమ్మ ఎంత నిదానమో ఈవిడ అంత చురుకు. కాలు ఒకచోట నిలిచేది కాదు. తెర పక్కనుండే నల్ల కర్టెన్ మోటారులో ఇరుక్కుని చిరిగిపోయిందని హాలువాళ్లు కబురు పంపితే, సూదీ దారం పట్టుకుని వెళ్లి నిచ్చెనెక్కి కుట్టేసింది. కుట్టి ఊరుకుందా అంటే లేదు. హాలు వెనక గోడలో వెలుగుతున్న చిన్న కిటికీ వైపు చూసి, "అందులో ఎవరుంటారండీ?" అని అడిగింది.

"నేనే ఉంటానమ్మా. రా, చూద్దువుగాని" అన్నాడు పెద్దాపరేటరు. అక్కడ సినిమాలు ఆడించే ఆపరేటర్లలో అందరికంటే పెద్దవాడు కాబట్టి ఆయన్ని అంతా అలాగే పిలిచేవారు.

మేడమీద హాళ్ల వెనకగా పొడుగాటి గది. ఒక్కో కిటికీ దగ్గర ఒక్కో ప్రొజెక్టరు. దాని పక్కన భోజనాల బల్లంత వెడల్పున్న ఉక్కు పళ్లేలు ఒకదానిమీద ఒకటి అమర్చి ఉన్నాయి. ఒక పళ్లెం నడిమధ్య నుంచి ఫిల్ము బయటికొచ్చి, చిన్నచిన్న చక్రాల మీదుగా మిషన్లోకి వెళ్లి, వెలుగు దాటి, తిరిగి ఇంకో పళ్లెంలో చుట్టుకుంటోంది. పిన్ని నోరు వెళ్లబెట్టి చూసింది. ఓ మూల బల్ల ముందు కూర్చుని, డబ్బాల్లో ముక్కలుగా వచ్చిన కొత్త సినిమా రీళ్లను సన్నటి టేపుతో వరసగా అతికిస్తున్నాడు పెద్దాపరేటరు. కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి, మళ్లీ దింపి, విసుక్కుంటున్నాడు.

"అయ్యో, మీదీ కుట్టుపనేనా!" అంది పిన్ని.

ఆయన పకపకా నవ్వాడు. "అయితే ఈ అతుకు నువ్వు వెయ్యి, చూద్దాం."

పిన్ని వేసింది. ఆయన దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పి, అతుకు ఎక్కడుందో వేలితో తడుముకుని కనుక్కున్నాడు. "నా కళ్లు ఎలాగూ మొరాయిస్తున్నాయి. రేపట్నుంచి నువ్వు ఇక్కడికి వచ్చెయ్ అమ్మాయ్. పని నేర్పుతాను" అన్నాడు.

ఇంట్లో అమ్మమ్మ ఒప్పుకోలేదు. "గాలీ వెలుతురూ లేని గదిలో ఉద్యోగమేంటే?"

"వెలుతురంతా అక్కణ్ణుంచే వెళ్తుందమ్మా!" అంది పిన్ని. అమ్మమ్మకి అది బోధపడలేదు గానీ, మా అమ్మ చెల్లెలి పక్షాన నిలబడింది. కొద్దిరోజుల్లోనే కాలనీ అంతా పిన్నిని "ఆపరేటరమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది.

పని తొందరగానే పట్టుబడింది. అలాగని పొరపాట్లు జరగలేదని కాదు. ఒక కుటుంబ కథా చిత్రానికి మూడో రీలూ నాలుగో రీలూ తారుమారుగా అతికించింది. నాలుగో రీల్లో తాత పోయాడని ఇల్లంతా ఏడుస్తోంది. ఆ వెంటనే మూడో రీలు వచ్చింది. అందులో అదే తాత వరండాలో కూర్చుని నవ్వుతూ కాఫీ తాగుతున్నాడు. హాలంతా చప్పట్లు! తాత బతికొచ్చాడని జనానికి పట్టరాని సంతోషం. కాసేపటికి ఆయన మళ్లీ పోయేసరికి కొంతమందికి అనుమానం వచ్చింది గానీ, ఎవరూ టికెట్లు వెనక్కి ఇవ్వలేదు. పిన్నికి మాత్రం కాళ్లూ చేతులూ ఆడలేదు. పెద్దాపరేటరు తిట్టలేదు, పక్కన కూర్చుని మళ్లీ వరసలో పెట్టించాడు. మర్నాడు ఆ సినిమాకి భార్యను వెంటబెట్టుకుని రెండోసారి వచ్చిన పోస్ట్‌మ్యాన్ బయటికొస్తూ, "నిన్నటిదే బాగుందమ్మా. తాత కాసేపైనా తిరిగొచ్చాడు" అని మొహం ముడుచుకున్నాడు.

పిన్ని పెళ్లి సంగతి కూడా ఆ కిటికీ దగ్గరే మొదలైంది. డిపోలో పనిచేసే ఒక బస్సు డ్రైవరు పొద్దుటి డ్యూటీ దిగి, మధ్యాహ్నం ఆటకి వచ్చేవాడు. సరిగ్గా కిటికీ కింద చివరి వరసలో కూర్చుని, పేర్లు పడుతుండగానే తల వాల్చేసేవాడు. పైనుంచి చూస్తే పిన్నికి ఒళ్లు మండిపోయేది. నేనింత కష్టపడి ఆడిస్తుంటే ఈయన గురక పెడతాడా అని.

ఒక ఎండాకాలం గాలిలో తేమ లేక, దువ్వెనకి వెంట్రుకలు అంటుకున్నట్టు ఫిల్ము చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. పళ్లెం మధ్యలో చిక్కుపడి, మిషను దానంతటదే ఆగిపోయింది. తెర నల్లబడింది, చప్పుడు ఆగింది. హాల్లో ఈలలు, కేకలు. పిన్ని టార్చి పళ్లతో కరిచిపట్టుకుని చిక్కు తీస్తుంటే ఎవరో తలుపు తట్టారు. చూస్తే ఆ డ్రైవరే. జుట్టు చెదిరిపోయి, ఒక చెంప మీద కుర్చీ అచ్చు పడి ఉంది.

"ఏవండీ, సినిమా ఆగిపోయింది" అన్నాడు.

పిన్ని టార్చి చేతిలోకి తీసుకుని, "మీకెందుకండీ? మీరు చూస్తేగా?" అంది.

"చూడకపోతేనేం? చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదు. ఇంజన్ ఆగితే బస్సులో పడుకున్నవాళ్లంతా ఒక్కసారే లేస్తారు చూడండి, నాదీ అదే సంగతి."

పిన్నికి నవ్వు ఆగలేదు. నవ్వులో తీసిన చిక్కు మళ్లీ పడింది. ఆయన టార్చి అందుకుని ఆమె చేతుల మీదికి వెలుగు పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన నిద్ర తగ్గించి, మేడమీదికి కాఫీలు మోయడం మొదలుపెట్టాడు. ఏడాది తిరక్కుండా మాకు బాబాయి అయ్యాడు.

కొన్నేళ్లకి డిజిటల్ వచ్చింది. పాత మిషన్లను విప్పి లిఫ్టులో దింపుతుంటే, ఎప్పుడూ వచ్చే ప్రేక్షకులు కొందరు చూసి బాధపడ్డారు. అందులో రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు. రీలు అయిపోయే ముందు తెర పైమూలన తళుక్కుమనే చుక్కను పట్టుకోవడం ఆయనకి సరదా. ఓదార్చడానికన్నట్టు పిన్ని దగ్గరికొచ్చాడు.

"ఇక ఆ చుక్క కనిపించదా అమ్మా?"

"కనిపించదండీ. ఇప్పుడైనా సినిమా చూడండి."

పిన్ని ఏడుస్తుందని చాలామంది అనుకున్నారు. ఆవిడ మాత్రం, "హమ్మయ్య! ఆ డబ్బాలు ఎలా మోశానో నన్నడక్కండి, నా నడుముని అడగండి" అంది. కొత్త సినిమా ఇప్పుడు చేతిసంచీలో పట్టే పెట్టెలో వస్తోంది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలి. అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను. మౌస్ పట్టుకోవడం పిన్నికి నేనే నేర్పాను. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చేసినట్టు ఊపిరి బిగబట్టి, నాలుక కొస బయటపెట్టి బాణం గుర్తును జరిపేది. వారం తిరిగేసరికి, "నువ్వు లే, అడ్డం" అని నన్నే పక్కకి తోసేసింది.

పెద్దాపరేటరు అప్పటికే ఉద్యోగం మానేశాడు. పిన్ని ఆయన్ని పిలిపించి మధ్య వరసలో కూర్చోబెట్టింది. ఆట అయ్యాక ఆయన తల గీరుకుంటూ వచ్చాడు.

"గీతలేవే? బొమ్మ వణకడమే లేదు. కళ్లకి ఆపరేషన్ అయ్యాక మా ఆవిణ్ణి చూసినట్టుంది."

"బాగుందా మరి?"

"బాగానే ఉంది. కాస్త అలవాటు పడాలి" అన్నాడాయన. రెండింటిలో దేని గురించి అన్నాడో పిన్ని అడగలేదు.

కొత్త మిషన్లతో పిన్నికొచ్చిన చిక్కు ఒక్కటే. లైట్లు ఆర్పడం దగ్గర్నుంచి తలుపుల మీది దీపాలు వెలిగించడం దాకా అన్నీ వాటంతటవే జరిగిపోతున్నాయి. కిటికీ దగ్గర నిలబడే పని లేదు. ఖాళీగా కూర్చోవడం ఆవిడ వల్ల కాదు గనక, ఆట మొదలుపెట్టి కిందికి దిగిపోయి ప్రతి హాల్లోనూ వెనక గోడకి ఆనుకుని నిలబడేది. ఎవరు ఎక్కడ నవ్వుతారో, ఎవరు ఏడుపు రాగానే పాప్‌కార్న్ డబ్బాలోకి తలదూరుస్తారో ఆవిడకి కంఠతా వచ్చేసింది. మెట్ల దగ్గర వాళ్లతో మాట కలిపేది. ఆ పరిచయాలే తర్వాత ఒక మధ్యాహ్నం హాలు పరువు కాపాడాయి.

అది లేజర్ ప్రొజెక్టరు పెట్టిన మొదటిరోజు. "రంగులు చూసి కళ్లు తిరుగుతాయి" అని వారం ముందునుంచీ బయట బోర్డు. పెద్ద హాలు కిక్కిరిసిపోయింది. మేమందరం వెళ్లాం. బాబాయి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. తీరా పిన్ని మీట నొక్కితే సినిమా తెరుచుకోలేదు. డిజిటల్ సినిమాకి కంపెనీవాళ్లు ఒక తాళం పంపుతారు. తాళం అంటే ఫైలే. ఏ మిషనుకి పంపితే ఆ మిషన్లోనే పనిచేస్తుంది. వాళ్లు పాత మిషనుకి పంపేశారు!

కొత్తగా వచ్చిన మేనేజరమ్మ తల పట్టుకుంది. వయసులో చిన్నది, ఉద్యోగంలో ఇంకా చిన్నది. "కొంప మునిగిందక్కా. కొత్త తాళం రావడానికి చాలాసేపు పట్టేట్టుంది. జనం ఊరుకోరు."

"నువ్వు ఫోన్ వదలకు. జనం సంగతి నేను చూస్తా" అని పిన్ని మైకు పట్టుకుని తెర ముందుకి వెళ్లింది. అన్నేళ్లలో ఆవిడ జనానికి ఎదురుగా నిలబడడం అదే మొదలు.

"సినిమా వచ్చింది గానీ తాళం రాలేదండీ" అంది. హాల్లో గోల లేచింది. "తిట్టుకోండి, పర్లేదు. కానీ తిట్టుకుంటూ కూర్చునే బదులు ఒక మాట చెప్పండి. ఈ హాల్లో మీకు బాగా గుర్తున్న రోజేది? సినిమా కథలు నాకు తెలుసు. మీ కథలు చెప్పండి."

ఎవరూ కదల్లేదు. అప్పుడు బాబాయి లేచాడు.

"నేను ఇక్కడ చూసిన సినిమాలకంటే నిద్రపోయిన సినిమాలే ఎక్కువ" అన్నాడు మైకు అందుకుని. "ఒకరోజు నిద్ర చెడిందని ఫిర్యాదు చెయ్యడానికి పైకి వెళ్లాను. ఇదిగో, ఈవిడ దొరికింది. ఇప్పుడు ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో తెలీడం లేదు."

హాలు దద్దరిల్లిపోయింది. ఆ నవ్వు తగ్గకముందే ముందు వరసలో ప్లంబరు చెయ్యెత్తాడు. "మా నాన్నని మొదటిసారి త్రీడీ సినిమాకి తీసుకొచ్చానండీ. తెరమీంచి బంతి వస్తుంటే క్యాచ్ పట్టబోయి, ముందాయన టోపీ పట్టుకున్నాడు. వదల్లేదు! ఆట అయ్యేదాకా ఒళ్లోనే పెట్టుకున్నాడు."

"ఆ టోపీ నాదే!" అని ఎక్కణ్ణుంచో ఒక గొంతు. నిజంగానే ఆయన అక్కడున్నాడు. బట్టతల మీద చెయ్యి పెట్టుకుని లేచి నిలబడ్డాడు. ఇద్దరూ వరసలు దాటుకుని వచ్చి కరచాలనం చేసుకున్నారు.

తర్వాత ఒక ముసలావిడ మైకు అడిగింది. చెవిలో మిషను పెట్టించుకుని ఆమె మొదటిసారి బయటికి వచ్చింది ఈ హాలుకేనట. "తెరమీద వాన కురిసింది. ఎన్నాళ్లకో విన్నానమ్మా వాన చప్పుడు. బయట కూడా పడుతోందనుకుని తలుపు దాటగానే గొడుగు విప్పేశాను. చూస్తే మండుటెండ! మా కోడలు నవ్వకుండా నాతోపాటు ఆ గొడుగు కిందే నడిచింది." ఆ మాటకి ఎవరూ కేకలు వెయ్యలేదు. చప్పట్లు మాత్రం చాలాసేపు మోగాయి. పక్కన కూర్చున్న కోడలు సిగ్గుపడి తల దించుకుంది.

ఇక మైకు ఆగలేదు. చేతులు మారుతూ పై వరసల దాకా పాకింది. నర్సులు, కూరగాయలమ్మే ఆవిడ, పరీక్ష తప్పి ఇంటికి వెళ్లలేక వరసగా రెండాటలు చూసి ఇప్పుడు లాయరైన ఒకాయన, ఈ హాల్లోనే పెళ్లిచూపులు జరిగిన ఇంకొకాయన. పిన్ని మెట్లమీద కూర్చుండిపోయి ఒక్కొక్కరికీ ఎదురు మాట వేస్తూ, నవ్విస్తూ, కళ్లు తుడుచుకుంటూ ఉంది.

ఇంతలో మేనేజరమ్మ పరుగెత్తుకొచ్చి, "వచ్చింది! తాళం వచ్చిందక్కా!" అని అరిచింది.

"ఆగమ్మా! ఈయన పెళ్లిచూపులు సగంలో ఉన్నాయి!" అని హాలంతా ఆమెనే కసిరింది. ఆ పెళ్లిచూపులు పూర్తయ్యాకే లైట్లు ఆరాయి. లేజర్ రంగులు నిజంగానే బాగున్నాయి. నలుపు అంటే ఇంత నలుపా అనిపించింది. కానీ బయటికొస్తూ జనం రంగుల గురించి మాట్లాడుకోలేదు. టోపీ గురించి, గొడుగు గురించి మాట్లాడుకున్నారు.

మేనేజరమ్మ తెలివైనది. అప్పట్నుంచి నెలకోసారి ఆదివారం పొద్దున పిన్ని చేతికి మైకిచ్చి, పాత సినిమాకి ముందు కబుర్ల కార్యక్రమం పెట్టింది. ఇప్పుడు పక్క కాలనీలనుంచీ వస్తున్నారు. పొద్దుటి ఆటకి హాలు నిండుతోంది.

ఇంత చేసినా, పిన్ని ఒక్క సినిమా కూడా మొదట్నుంచి చివరిదాకా కుర్చీలో కూర్చుని చూడలేదని ఈమధ్యే మాకు తెలిసింది. కిటికీలోంచి ముక్కలు ముక్కలుగా, గోడకి ఆనుకుని కాస్త కాస్త, అంతే. అమ్మ ఊరుకోలేదు. పిన్నికి సెలవు పెట్టించి, మా ఇద్దరి మధ్యా కూర్చోబెట్టింది. పిన్ని కాసేపు బుద్ధిగానే ఉంది. తర్వాత మొదలుపెట్టింది. "అక్కా, వాడే దొంగ చూడు." "అయ్యో, అటు వెళ్లకే పిల్లా!" "ఆ లాయరు మాట నమ్మకండి!" అమ్మ గిల్లినా ఆగలేదు. చివరికి ముందు వరసలో కాలేజీ అమ్మాయి వెనక్కి తిరిగి, "ఆంటీ, కాస్త నోరు మూసుకుంటారా? సినిమా చూడాలి" అని కసురుకుంది.

పిన్ని టక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చీకట్లో భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని వంగి చూశాను. పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"విన్నావా అక్కా? అందరు ప్రేక్షకుల్నీ అన్నట్టే నన్నూ ఊరుకోమంది!" అని అమ్మ చెవిలో గుసగుసలాడింది. ఆ మాట ఇంటికెళ్లాక బాబాయికి చెప్పింది, మర్నాడు మేనేజరమ్మకి చెప్పింది, మెట్ల దగ్గర ఎదురైన ప్రతివాళ్లకీ బహుమతి వచ్చినంత గొప్పగా చెప్పుకుంది.