చుట్టం కోసం అలికిన రోడ్డు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కాస్త ఆగితే ప్రభుత్వమే ఆగిపోతుందని నాకో గట్టి నమ్మకం ఉండేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నడవాలనిపించేది, అన్నం తింటున్నా కాళ్ళు బల్ల కింద ఎక్కడికో బయల్దేరుతూనే ఉండేవి. ఇలాంటి మనిషిని తీసుకెళ్ళి మన్యంలో ముంచింగిపుట్టు వైపు రోడ్లు చూసుకోమని ఇంజినీరుగా వేశారు. (అక్కడ చూసుకోవడానికి రోడ్డు తక్కువ, గుంతలు ఎక్కువ.) అన్నింటిలోకీ అధ్వానం కొండ మీది ఓ చిన్న గూడేనికి పోయే మట్టిరోడ్డు. వాన పడిందా, జీపు కొండ కింది వాగు దగ్గరే నిలిచిపోయేది. గూడెం నుంచి జబ్బుమనిషైనా, నిండు గర్భిణి అయినా డోలీలో మోసుకు దిగాల్సిందే. ఆ గూడెంలో నాకు బాగా చనువైన మనిషి పెద్దమ్మ. ఊరంతటికీ ఆవిడ పెద్దమ్మే. అప్పుడే ఆవిడ కోడలికి నెల తప్పింది. నేను కనబడినప్పుడల్లా, "కానుపు వానల్లో వత్తాది బాబూ. ఈలోగా రోడ్డు వత్తాదా, రాదా? ఒక్క మాట సెప్పీ" అని నిలదీసేది. వస్తుందని చెప్పేసేవాణ్ని. చెప్పొచ్చాక నాకు నిద్ర పట్టేది కాదు.

గుంతలన్నీ ఫోటోలు తీసి, ఎస్టిమేట్ వేసి పైకి పంపాను. "గుంతలు ఏ ఊళ్ళో అయినా గుంతలే, ఫోటో చూసి నమ్మలేం, మేమే వచ్చి చూస్తాం" అన్నారు పైవాళ్ళు. చివరికి విశాఖపట్నం నుంచి పెద్దసారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. నాకు కాలు నేల మీద నిలవలేదు. ముందురోజే కొండెక్కి, గూడెం మధ్యలో నిలబడి, "రేపు పెద్దసారు మన రోడ్డు చూడ్డానికి వస్తున్నారు. ఆయన కళ్ళతో ఒక్కసారి చూశారంటే మన పని అయిపోయినట్టే!" అని దండోరా వేసినంత పని చేశాను. అందరూ ఎంతో శ్రద్ధగా విన్నారు. ఆ శ్రద్ధ చూసి నేను ఉబ్బిపోయాను.

మర్నాడు పొద్దున్నే వాగు దగ్గర కాపు కాశాను. తోడుగా మా జీపు డ్రైవరు. ప్రతి మలుపులోనూ హారన్ కొట్టే అలవాటు వల్ల అతన్ని అందరూ పాంపాం అనేవాళ్ళు. "సార్, మీరలా అటూ ఇటూ తిరిగితే ఇక్కడో కొత్త గుంత పడతాది. దానికీ ఎస్టిమేట్ వెయ్యాల" అన్నాడు. అలా అంటూండగానే పెద్దసారు కారు దిగారు. సన్నగా, కళ్ళజోడు సర్దుకుంటూ, తక్కువ మాట్లాడే మనిషి. మా జీపులోనే ఎక్కారు. మొదటి మలుపులో గేదె పడుకుంటే కొమ్ములు కూడా బయటికి కనబడని గుంత ఒకటి ఉంది. "ఇప్పుడు చూడండి సార్, గట్టిగా పట్టుకోండి" అని నేను రెండు చేతులతో పైకడ్డీ పట్టుకున్నాను. జీపు మెత్తగా సాగిపోయింది. గుంత లేదు. దాని చోట ఎర్రమట్టితో నున్నగా అలికిన నేల, దానికి తెల్లసుద్దతో గీసిన అంచు! పాంపాం హారన్ కొట్టడం కూడా మరిచిపోయాడు. "ముందుంది సార్" అన్నాను. రెండో మలుపూ అంతే. "ఇంకా ముందుంది సార్" అన్నాను. అలా అంటూ అంటూ గూడేనికే వచ్చేశాం.

పెద్దసారు జీపు దిగి రోడ్డునీ, నన్నూ మార్చిమార్చి చూశారు. "ఏమయ్యా, పని జరిగిపోయిన రోడ్డుకి మళ్ళీ పని చేస్తామని ఎస్టిమేట్ వేశావా?" రోడ్డు పోయింది సరే, ఇప్పుడు ఉద్యోగం కూడా పోయేలా ఉంది. ఏం చెయ్యాలో తోచక, అలికిన చోటికి పరుగెత్తి, అది విరుగుతుందేమోనని దాని మీద గెంతాను. విరగలేదు. రెండు కాళ్ళూ ఎత్తి గెంతాను. అబ్బే, ఉలుకూ పలుకూ లేదు. "ఏం చేస్తున్నావయ్యా?" అన్నారు పెద్దసారు. "టెస్టింగ్ సార్" అన్నాను రొప్పుతూ.

ఈలోగా పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏటి బాబూ అది! రెక్కలు పడిపోయీలాగ అలికినాం, దాని మీద గెంతుతన్నావేటి? పూనకమేటి నీకు?"

"ఎవరు పూడ్చమన్నారు పెద్దమ్మా?"

"ఒకలు సెప్పాలేటి? సుట్టం వత్తన్నాడంటే ఇల్లు అలుక్కోమా?"

ఇంత గట్టిగా ఎలా కుదిరిందని పెద్దసారు అడిగారు. ఆవిడ మాటలతో చెప్పలేదు. ఆడవాళ్ళని పిలిచింది. అందరూ ఒకరి నడుములొకరు పట్టుకుని పాడుతూ, థింసా ఆట అడుగులేస్తూ నా కాళ్ళ ముందే రోడ్డుని ఇంకోసారి తొక్కిపెట్టారు. (మా ఆఫీసులో ఎన్నిసార్లు అడిగినా రానిది రోడ్డురోలరు. ఇక్కడ పాట పాడే రోలరుంది.) నేను ఏడుపుగొంతుతో, "పెద్దమ్మా, రోడ్డు పాడైతేనే బాగు చేస్తారు" అన్నాను. ఆవిడ బుగ్గ మీద వేలేసుకుంది. "ఆ మాట ముందు సెప్పొద్దా! ఒలే, గునపాలు తేండి, బేగి తవ్వీసీదాం!" అని కేక పెట్టింది.

పెద్దసారు చెయ్యెత్తి ఆపారు. ఒక గునపం తానే అందుకుని అలికిన చోట పొడిచారు. పైన నాలుగు వేళ్ళ మందాన గట్టిమట్టి, దాని కింద వదులుమట్టీ, ఆకూ, అలమూ. కడివెడు నీళ్ళు తెప్పించి పోశారు. చూస్తూండగానే నా పాత గుంత నోరు తెరిచింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. లోకంలో గుంతని చూసి కళ్ళు చెమ్మగిల్లిన ఇంజినీరుని నేనొక్కణ్నే అయ్యుంటాను.

"వానకి ఇదంతా పోతుంది కదమ్మా. పోయేదానికి ఇంత కష్టం ఎందుకు పడ్డారు?" అన్నారు పెద్దసారు.

"వానలొచ్చీదాకా నువ్వుండవు కదా బాబూ. నువ్వొచ్చింది ఇయ్యాల" అంది పెద్దమ్మ.

ఆయన ఆవిడిచ్చిన రాగి అంబలి తాగి, కిందికి దిగేటప్పుడు జీపెక్కకుండా వాగు దాకా నడిచే వచ్చారు. నేను వెనక నడవలేక, ముందు నడవకూడక నానా అవస్థా పడ్డాను. వాగు దగ్గర ఆగి, "ఎస్టిమేట్‌లో ఇక్కడ కల్వర్టు మరిచిపోయావు. అదీ కలిపి రేపే పంపు" అన్నారు.

వానలనాటికి కల్వర్టు పూర్తయి, పైదాకా కంకర పడింది. తారు తర్వాతెప్పుడో వచ్చింది. పెద్దమ్మ కోడలు డోలీ ఎక్కలేదు. జోరువానలో పాంపాం ప్రతి మలుపులోనూ హారన్ కొట్టుకుంటూ ఆమెని ఆసుపత్రికి దించాడు. మనవరాలు పుట్టిందన్న కబురు నాకు ఆ హారన్‌తోనే అందింది.

ఇప్పుడు నేనే తనిఖీలకి వెళ్ళే సారుని. కళ్ళజోడు కూడా వచ్చింది. రోడ్డు మరీ నున్నగా కనబడితే జీపు ఆపించి, దిగి, ఒక్క గెంతు గెంతుతాను. మోకాళ్ళు వద్దంటాయి. కొత్త డ్రైవర్లు చూడనట్టు మొహం తిప్పుకుంటారు. తారురోడ్డు ఎక్కడ దిగబడుతుంది? ఆ సంగతి నాకూ తెలుసు. అయినా గెంతి, కాసేపు కొండవైపు చూస్తూ నిలబడతాను, "ఏటి బాబూ అది!" అంటూ ఎవరైనా పరుగెత్తుకొస్తారేమోనని.