ఎర్రపుంజుల ఆకుపచ్చ చొక్కాలు

మా బడిలో ఎర్రపుంజులు అనే జట్టు అరవై ఏళ్లుగా ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుని ఆడుతోంది. దానికి కారణం, పుట్టి బుద్ధెరిగాక ఎరుపన్నది చూడని ఒక అద్దకంవాడు. అరవై ఏళ్లన్నది కాస్త ఎక్కువైంది. ఒక్క ఆటే. మిగతాదంతా నిజం.

బడిలో రెండు జట్లు. మాది ఎర్రపుంజులు, చొక్కా మీద కోడిపుంజు బొమ్మ. అవతలివాళ్లు పచ్చచిలకలు. ఏటా చొక్కాలకు రంగు వేసేది బడి వెనక సందులో ఉండే అద్దకం మామ. అతని కంటికి ఎరుపూ ఆకుపచ్చా రెండూ మట్టిరంగే. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ రంగు డబ్బాల మూతలకు దారాలు కట్టేది. ఎరుపుకి ఒక ముడి, ఆకుపచ్చకి రెండు. అతను వేలితో తడిమి డబ్బా తీసేవాడు. చూసేవాళ్లకు అదొక పనివాడి అలవాటులా ఉండేది.

ఆ ఏడు ఆవిడ జ్వరంతో పోయింది. ఇల్లు సర్దడానికి వచ్చిన వదినగారు మంచి మనసుతోనే డబ్బాలన్నీ కడిగి, మురికి పట్టిన దారాలు తెంపి పారేసింది. ఏ డబ్బా ఏదని అడిగితే బండారం బయటపడుతుంది. ఎరుపు తెలియని అద్దకంవాడికి బట్టలెవరిస్తారు? అతను అడగలేదు. ఏదో ఒక డబ్బా తీశాడు.

ఆట రోజు పొద్దున మూట విప్పితే పదకొండు చొక్కాలూ ఆకుపచ్చ. కెప్టెన్ని నేను. ఒక చొక్కా పట్టుకుని సందులోకి వెళ్లి ఒంటికాలి మీద లేచాను.

"మామా, ఇదేం రంగు?"

"ఎరుపే కదరా. కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా?"

బదులివ్వబోయి ఆగాను. అతని బొటనవేలు డబ్బా మూత అంచున, లేని ముడి కోసం తిరుగుతోంది. ఆ ముళ్లు నేను ఎన్నోసార్లు చూశాను. ఎందుకో అప్పుడు తెలిసింది.

వెనకనుంచి మా కాన్వెంటు బడి పెద్ద, మదర్ గొంతు వినిపించింది. చేతిలో బెత్తం. "ఎవరి నిర్వాకమిది?"

మామ తల దించుకున్నాడు.

"మేమే పచ్చ వేయమన్నాం మదర్," అన్నాను. "చిలకల్ని తికమక పెడదామని."

"ఈయన వేసేశాడా?"

"వద్దనే అన్నాడు. మేం వినలేదు."

మదర్ డబ్బాల వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా చెయ్యి చాపమంది. ఆరు దెబ్బలు. ఒక్కటీ తగ్గలేదు.

మధ్యాహ్నం ఆటలో బంతి ఎవరికిస్తున్నామో మాకే తెలియలేదు. "మా తమ్ముళ్లొచ్చార్రా, దారివ్వండి," అని చిలకలు ఒకటే వెక్కిరింపు. తొమ్మిది గోల్స్ తిన్నాం. అందులో నాలుగు మేం చేతికందించినవే.

మర్నాడు జేబులో దారం ఉండ పెట్టుకుని సందులోకి వెళ్లాను. నాకంటే ముందే ఎవరో డబ్బాలన్నిటికీ ముళ్లు కట్టేశారు. కాన్వెంటులో జపమాలలు గుచ్చే నల్లదారం అది.

అద్దకం మామకి ఇప్పుడు తొంభై దాటాయి. పని మానేసి ముప్పై ఏళ్లయింది. పోయిన వారం వెళ్లి ఇదంతా చదివి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"అంతా అబద్ధం," అన్నాడు. "ఆ చొక్కాలు ఎర్రవే. మీ అత్త ఆ రోజు ఇంట్లోనే ఉంది. డబ్బా తనే తీసిచ్చింది."